కొసలు లేని మఫ్లర్

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా చిన్నాయిన ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేయడమే అరుదు. జీవితమంతా మరమగ్గాల మోతలో నిలబడి పని చేసిన మనిషి. చెవులు సరిగా వినపడవు. అవతలివాళ్ళ మాట అందదు కాబట్టి ఫోన్ అంటే ఆయనకు చిరాకు. నేను భివండీలో ధామన్కర్ నాకా దగ్గర మా మ్యాచింగ్ సెంటర్లో ఎవరికో లేసు కొలుస్తున్నాను. “మీ చిన్నమ్మ లేదు బిడ్డా” అన్నాడు గట్టిగా. ఎక్కడికి పోయింది అని అడిగాను. ఆయనకు వినపడలేదు. మళ్ళీ అదే మాట చెప్పి పెట్టేశాడు. దవాఖానకు పోయిందేమో, తనకు చెప్పకుండా కూరగాయలకు పోయిందేమో అనుకున్నాను. లేసు కత్తిరించి, మడిచి, పొట్లం కట్టి ఇచ్చాను. కాసేపటికి మాన్కోలి గోడౌన్లో పని చేసే వాళ్ళ కొడుకు ఫోన్ చేసి, మాట రాక ఏడ్చాడు. చిన్నాయిన చెప్పింది ఏమిటో అప్పుడు అర్థమైంది.

ఆమె ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. ముంబై పక్కనున్న ఈ భివండీలోనే ఆమెను ఎరిగినవాళ్ళు గైబీ నగర్‌లో రెండు మూడు గల్లీల వాళ్ళు, ఆమెతో పాటు పని చేసిన ఆడవాళ్ళు, అంతే. మా అమ్మకు చెల్లెలు. భూమి లేని ఇంట్లో పుట్టింది, భూమి లేని ఇంటికే కోడలైంది. పెళ్ళైన కొత్తలోనే జగిత్యాల దిక్కు ఊరు వదిలి చిన్నాయిన వెంట ఇక్కడికి వచ్చింది. ఆయనకు సాంచెల మీద పని. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. ఆమెకు కండెలు చుట్టే పని. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టడానికి దారాన్ని మిషన్ మీద సన్నటి కడ్డీలకు చుట్టాలి. ఊళ్ళ నుంచి వచ్చిన మా ఆడవాళ్ళలో చాలామందికి దొరికేది అదే.

మా అమ్మానాన్నలు అంతకు ముందే వచ్చి ఇక్కడ చిన్న దుకాణం పెట్టుకున్నారు. నేను పుట్టింది, పెరిగింది, మరాఠీ బడిలో చదివింది ఈ ఊళ్ళోనే. సెలవు రోజుల్లో అమ్మ నన్ను చిన్నమ్మ గదిలో వదిలిపెట్టేది. పై అంతస్తులో, గ్యాలరీ చివర గది. ఆ గదిలో నేను ఎక్కువగా చూసింది ఆమె చేతులను.

పక్క గదిలో ఒక ముసలామె ఉండేది. గల్లీ అంతా ఆమెను ఖాలా అని పిలిచేది. ఇప్పటికీ ఉంది. నమాజుకు పెట్టుకునే తెల్లటి టోపీలు క్రోషా సూదితో అల్లేది. ఆమెది ఉర్దూ, చిన్నమ్మది ఊరి తెలుగు. మొదట్లో ఒకరి మాట ఒకరికి సగమే అందేదట. అల్లికకు మాట అక్కర్లేదు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. నడినెత్తి మీద వచ్చే చోట చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ ఒక్కొక్క వరసగా పెంచుకుంటూ పోతే టోపీ తయారవుతుంది. చిన్నమ్మ నేర్చుకున్న మొదటి అల్లిక అది. తర్వాత పిల్లల స్వెటర్లు, పూజ గూటికి తెరలు, చేతి సంచులు అల్లింది. మిషన్ దగ్గర దొరికిన తీరికలో కాదు. అక్కడ తీరిక దొరకదు. ఇంట్లో, కుక్కర్ కూతలు వేసే మధ్యలో అల్లేది.

అల్లేటప్పుడు ఎవరు పిలిచినా ఆమె దగ్గర ఒకటే జవాబు. “వరస అయినంక చెప్త.” చిన్నాయిన అన్నం అడిగినా అదే. నేను ఏడుస్తూ వచ్చినా అదే. వరస అయ్యాక సూది పక్కన పెట్టి, పూర్తిగా మన వైపు తిరిగేది. అప్పుడు మాత్రం మనం చెప్పేదంతా వినేది. చిన్నప్పుడు నాకు ఆ ఎదురుచూపు కోపం తెప్పించేది. పెద్దయ్యాక గమనించాను, ఎదురు చూసేంతలో నా ఏడుపు సగం తగ్గిపోయేది. ఆమె అది తెలిసి చేసిందని అనుకోను.

తప్పు పడితే నిమిషం ఆలోచించకుండా విప్పేసేది. నేను అయ్యో అంటే, “ఇప్పితే దారం యాడికి పోతది, మన చేతులనే ఉంటది” అనేది.

ఆమె గురించి రాయాలని నేను అనుకోవడానికి కారణం ఈ స్వెటర్లూ తెరలూ కాదు. అలాంటివి అల్లేవాళ్ళు ప్రతి గల్లీలో ఉంటారు. ఆమె చివరి ఏళ్ళు ఒక మఫ్లర్ నమూనా వెతకడంలో గడిచాయి. దాని సంగతి చెప్పాలంటే ముందు కార్ఖానాలో జరిగింది చెప్పాలి.

కండెల కార్ఖానాలో రోజంతా దూది నూగు పిండి జల్లెడ పట్టినట్టు రాలుతూ ఉంటుంది. జుట్టు మీద, కనుబొమ్మల మీద, చాయ్ గ్లాసులో పడుతుంది. అందుకని అందరూ చున్నీలాంటి ఓఢ్నీయో చీర కొంగో ముక్కు మీదుగా చుట్టుకుని కూర్చుంటారు. పక్క గల్లీలో ఒక ఇంటికి కొత్తగా కోడలై వచ్చిన పిల్ల చిన్నమ్మ పక్క మిషన్ మీద పని చేసేది. ఒక రోజు ఆ పిల్ల కింద పడిన కండె తీయడానికి వంగింది. మెడకు చుట్టుకున్న ఓఢ్నీ కొస జారి, మిషన్ కింద తిరిగే బెల్టు పట్టాలో పడింది.

ఆ రోజు ఏం జరిగిందో చిన్నమ్మ నాకు ఒక్కసారే చెప్పింది. “అందరు పిల్ల దిక్కు ఉరికిన్రు. నేను గోడ మీది బటన్ దిక్కు ఉరికిన” అంది. ఆపిన తర్వాత కూడా పట్టా కొంచెం తిరిగిందట. ఎవరో బ్లేడుతో ఓఢ్నీ కోశారు. ఆ పిల్ల బతికింది. మెడ చుట్టూ నల్లటి గీత చాలా కాలం ఉండిపోయింది. గొంతు బొంగురు పోయింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

కార్ఖానా సేఠ్ చెడ్డవాడేం కాదు. దవాఖానకు తనే తీసుకుపోయాడు. పట్టాలకు అడ్డంగా ఇనుప జాలీ పెట్టించమని ఆడవాళ్ళు అడిగితే పెట్టిస్తానన్నాడు. సగం మిషన్లకు పెట్టించాడు. మిగతా సగానికి పెట్టించే లోపల, మెడ దగ్గర ఎవరూ బట్ట చుట్టుకోవద్దని చెప్పాడు. కొంగులు నడుముకు దోపుకున్నారు, ఓఢ్నీలు మేకుకు తగిలించారు. ఇక నూగంతా నేరుగా ముక్కుల్లోకి పోయింది. మందుల దుకాణంలో దొరికే మాస్కులు కొన్నాళ్ళు పెట్టుకున్నారు. చెమటకు తడిసి మెత్తబడి, చెవుల వెనక కోసుకుపోయి, ఒక్కొక్కరే మానేశారు. సాయంత్రం ఇళ్ళకు పోయేటప్పుడు మెట్ల మీద దగ్గు వినిపించేది. కోడలు పిల్ల కూడా తిరిగి పనికి వచ్చింది, ముఖానికి ఏమీ కట్టుకోకుండా. ఆమెకు బట్ట అంటేనే భయం పట్టుకుంది.

ఆ చలికాలంలో చిన్నమ్మను కళ్ళు చూపించడానికి కళ్యాణ్ తీసుకుపోయాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ముందు సీట్లో ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. మెడలో బూడిద రంగు ఊలు మఫ్లర్ ఉంది. చిన్నమ్మ దాన్ని చాలాసేపు చూసి, నా మోచెయ్యి పట్టుకుని, “దాని కొస యాడున్నది?” అని అడిగింది. నేనూ చూశాను. కొస లేదు. గాజులాగ గుండ్రంగా అల్లి, మెడలో వేసుకునే రకం. ఇటీవల పిల్లలు వేసుకుంటున్నారు, మా దుకాణంలో కూడా మిషన్ అల్లికవి వచ్చాయి. చిన్నమ్మ అంతవరకూ చూడలేదు.

ఒకసారి చూపించమని అడగమంది. నాకు మొహమాటం. చివరికి మరాఠీలో అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, “ఘ్యా నా కాకూ” అంటూ తీసి ఇచ్చింది. చిన్నమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. లోపలి వైపు తిప్పి చూసింది, వేళ్ళతో సాగదీసింది, ముక్కు మీదకు లాక్కుని ఊపిరి పీల్చి చూసింది. బస్సు కోన్ గావ్ చేరింది. అమ్మాయి దిగాల్సిన చోటు అదే. చిన్నమ్మ ఇంకా వరస మధ్యలో ఉంది. చేసేదేమీ లేక మేమూ దిగాం. బస్ స్టాపులో నిలబడి ఆమె అతుకు ఎక్కడుందో వెతికింది, దొరికాక తల ఊపింది. అమ్మాయి ఓపికగా నిలబడి, ఇలాంటివి అల్లుకునే నమూనాలు మొబైల్‌లో వెతికితే ఎన్నో దొరుకుతాయని చెప్పి వెళ్ళిపోయింది. మేము తర్వాతి ఆటో దొరికే దాకా రోడ్డు పక్కన నడిచాం. చిన్నమ్మ వేళ్ళు గాలిలో కదులుతున్నాయి.

ఇంటి ముందు దిగాక అంది. “కొస లేకుంటే పట్టాల ఏం పడ్తది బిడ్డా.”

అప్పటి నుంచి నమూనాల వెతుకులాట మొదలైంది. కార్ఖానాకు సెలవున్న రోజు మధ్యాహ్నం, దుకాణంలో గిరాకీ తగ్గిన వేళ ఆమె వచ్చి నా కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చునేది. నేను ఫోన్లో వెతికేదాన్ని. మొదట కాగితం మీద అచ్చు వేసినట్టు ఉండే నమూనాలు దొరికాయి. అన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాలు. నేను చదివినా నాకే అర్థం కాలేదు, ఆమెకు ఏం చెప్పను. తర్వాత గుర్తులతో గీసినవి దొరికాయి. గొలుసు కుట్టుకు చిన్న సున్నా, పొడుగు కుట్టుకు అడ్డగీత ఉన్న కర్ర. ఆ బొమ్మ ఆమె చేతిలో పెడితే వేలు పెట్టి ఒక్కో గుర్తూ తడుముతూ, ఏది ఏ కుట్టో కొన్నిటిని పోల్చుకుంది, కొన్నిటిని పోల్చుకోలేకపోయింది. అన్నిటికన్నా ఆమెకు నచ్చినవి వీడియోలు. ఏ దేశపు ఆడవాళ్ళో, ఏ భాషో తెలియదు. ఆమె నన్ను సౌండు తీసేయమనేది. మాట అడ్డం వస్తోంది అనేది.

ఒక అలవాటు ఉండేది. వీడియో సగం చూడగానే అల్లిక తెలిసిపోయినా, చివరి దాకా చూసేది. చివర అల్లిన మనిషి దాన్ని మెడలో వేసుకుని చూపిస్తుంది కదా, అది చూడకుండా ఫోన్ ఇచ్చేది కాదు. ఎందుకు అని అడిగితే, “ఎవరి మెడల ఎట్ల కూసున్నదో చూడకుంటే నమూన ఎట్ల తెలుస్తది?” అంది.

దొరికినవన్నీ మంచు దేశాల కోసం చేసినవి. లావు ఊలు, రెండు చుట్లు, గడ్డం దాకా మూసేవి. మా ఊళ్ళో చలి అంటే తెల్లవారుజామున ఆటోలో పోయేటప్పుడు వేసే చలి. మొదటిది ఊలుతోనే అల్లి చిన్నాయినకు వేసింది. ఆయన ఒక మధ్యాహ్నమంతా వేసుకుని కూర్చుని, సాయంత్రం తీసి బకెట్లో వేశాడు. మెడంతా ఎర్రగా పొక్కింది. రెండోది నూలు దారంతో అల్లింది. చల్లగా ఉంది గానీ, కన్నాలు పెద్దవై నూగు ఆగలేదు. మూడోదానికి ఖాలా దగ్గర నేర్చుకున్న టోపీ అల్లిక పెట్టింది. దగ్గరగా వచ్చింది, నూగు ఆగింది, కానీ చెమటకు తడిసి ముక్కు మీద నుంచి జారిపోయింది. ప్రతిసారీ విప్పేది. అదే దారం మళ్ళీ మళ్ళీ అల్లడంతో పలచబడి మెత్తగా అయింది. మెత్తగా అయితేనే మంచిది, ముక్కుకు గరుకుండదు అనుకుంది.

ఒక వీడియోలో స్వెటర్ చేతి అంచులాగ నిలువు గీతలతో అల్లే పద్ధతి దొరికింది. సాగుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరికి వస్తుంది. ఇంకో దాంట్లో వెడల్పు కొలత దొరికింది. అతుకు కనపడకుండా కలపడం ఇంకెవరిదో. మూడింటినీ కలిపింది. నేను ఒక్క నమూనాలోనే అన్నీ ఉన్నది వెతుకుతూ విసుగు పడుతుంటే, “అన్ని ఒక్కదాంట్ల యాడ దొరుకుతయ్ బిడ్డా. గీడింత, గాడింత తీస్కోవాలె” అని నా చేతిలో ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

ఆ మఫ్లర్ బాగా వచ్చింది. సన్నటి నూలు, ఆకుపచ్చ, ముక్కు మీదకు లాగితే ఆగుతుంది, పని అయిపోయాక మెడలోకి దించుకోవచ్చు. కొస లేదు. మొదటిది కోడలు పిల్లకే ఇవ్వాలని ఆమెను ఇంటికి పిలిచింది. ఆ రోజు నేనూ ఉన్నాను. ఆ పిల్ల దాన్ని చేతుల్లోకి తీసుకుని, చాలా బాగుంది అంటూ రెండు చేతులూ లోపల పెట్టి రెండు వైపులా లాగింది. గట్టిగా లాగింది. అది సాగింది గానీ విడలేదు. ఆ పిల్ల ముఖం మారింది.

“అత్తా, ఓఢ్నీకి కొస ఉండె. కోస్తె ఊడింది” అంది ఆ బొంగురు గొంతుతో. “దీనికి కొసనే లేదు. ఇది పట్టాల పడ్తె నన్ను ఇడుస్తదా?”

చిన్నమ్మ దాన్ని తీసుకుని తనూ లాగి చూసింది. “ఇడువదు” అంది. “నాకు తట్టలే.”

ఆ పిల్లకు చాయ్ ఇచ్చి పంపింది. తర్వాత గడప దగ్గర కూర్చుని మఫ్లర్ అతుకు వెతికి, కత్తెరతో దారం తెంపి, మొత్తం విప్పింది. ఆమె విప్పడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు దారం గురించి ఏమీ అనలేదు. ఉండ చుట్టి గూట్లో పెట్టింది. కొన్ని వారాలు దుకాణానికి రాలేదు. నేను నాకై నేను వెతికి కొత్త వీడియోలు వాళ్ళ ఇంటి ఫోన్‌కు పంపితే చూసినట్టు గుర్తు పడేది, జవాబు ఉండేది కాదు. ఆ నమూనాలన్నీ చలి కోసం. మిషన్ గుంజితే ఏం కావాలో ఏ దేశంలోనూ ఎవరూ ఆలోచించినట్టు కనపడలేదు. మఫ్లర్ మనిషిని వదలకుండా ఉండాలనే అందరూ అల్లారు.

మళ్ళీ వచ్చిన రోజు ఆమె అడిగింది నమూనా కాదు. మా దుకాణంలో ఉన్న టిచ్ బటన్లు అన్నీ తీయమంది. జాకెట్లకు కుట్టే చిన్న నొక్కుడు బటన్లు. కౌంటర్ మీద పరిచి, ఒక్కొక్కటే నొక్కి, లాగి చూసింది. గట్టిగా పట్టేవాటిని పక్కకు నెట్టింది. కొనేవాళ్ళు మామూలుగా దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఏరుకుంటారు.

ఈసారి గుండ్రంగా అల్లలేదు. పట్టీలాగ అల్లి, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా మెడ వెనక బటన్లతో కలిపింది. వేసుకుంటే వేలాడే కొస ఉండదు. గుంజితే బటన్లు ఊడాలి. ఊడతాయో లేదో తెలియాలి. దానికి ఆమె చిన్నాయినను పిలిచింది. తను మెడలో వేసుకుని, ముందు వైపు ఆయన చేతికిచ్చి గుంజమంది. ఆయనకు విషయం గట్టిగా చెప్పాల్సి వచ్చింది, కాబట్టి గ్యాలరీలో వాళ్ళంతా తలుపుల దగ్గరకు వచ్చారు.

ఆయన మెల్లగా లాగాడు.

“గట్ల కాదు. జోరుగ గుంజు.”

“నీ మెడ నొస్తదే.”

“మెల్లగ గుంజనీకి మిషన్ నా మొగడా?” అంది. తలుపుల దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. ఆయన గుంజాడు. బటన్లు ఊడలేదు. ఆమె ముందుకు తూలి, గోడ పట్టుకుని దగ్గింది. చిన్నాయిన మఫ్లర్ వదిలేసి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా లోపలికి రాలేదు. ఆ పని ఆయనతో చేయించినందుకు ఆమె మీద కోపమా, చేసినందుకు తన మీదనా అన్నది నేను అడగలేదు.

కానీ కొద్ది రోజులకు ఇంకా వదులు బటన్లతో కుట్టి మళ్ళీ ఆయన ముందే నిలబడింది. ఆయన కళ్ళు మూసుకుని ఒక్క గుంజు గుంజాడు. పట్టీ మొత్తం ఆయన చేతిలోకి వచ్చేసింది. ఆయన దానికేసి, ఆమె మెడకేసి మార్చి మార్చి చూశాడు. చిన్నమ్మ నవ్వింది. ఆమె అలా పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది తక్కువ.

కోడలు పిల్ల కూడా వచ్చి తనే లాగి చూసింది. చాలాసార్లు. బటన్లు మెడ వెనక ఉంటే జుట్టు చిక్కుతుందని, చెవి కింద ఉంటే మంచిదని చెప్పింది. చిన్నమ్మ మార్చి కుట్టింది. ఆ పిల్ల అది పెట్టుకుని కార్ఖానాకు పోయాక, మిగతావాళ్ళు తమకూ కావాలన్నారు. సేఠ్ లాగి చూసి సరే అన్నాడు. కొందరికి చిన్నమ్మ అల్లి ఇచ్చింది, సూది పట్టగలిగినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నమూనా ఎక్కడా రాయలేదు. అడిగితే, నా చేతులు చూడు అనేది.

అది పనికి వచ్చిందా అని మీరు అడగవచ్చు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత, ఉల్లిగడ్డ ధర గురించి మాట్లాడుతూ మధ్యలో చెప్పింది. ఒక సాయంత్రం కోడలు పిల్ల మఫ్లర్ పట్టుకుని వచ్చిందట. ఒక వైపు నూనె మరకలు, అల్లిక చిరిగి దారాలు వేలాడుతున్నాయి. బటన్లు కుట్టి ఇమ్మంది. ఎట్లయింది అని అడిగితే, “పట్టాల పడ్డది అత్తా. ఊడి పోయింది. నేను నిలబడి చూస్తనే ఉన్న” అందట. చిన్నమ్మ చిరిగినంత మేర విప్పి, మళ్ళీ అల్లి, బటన్లు కుట్టి ఇచ్చింది. “చాయ్ తాగి పోయింది” అని చెప్పి, మళ్ళీ ఉల్లిగడ్డ దగ్గరికి వచ్చింది. నేను చేతిలో పని ఆపి ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

ఆమె ఊపిరితిత్తులు అప్పటికే పాడై ఉన్నాయి. మఫ్లర్ రాకముందు ఎన్నో ఏళ్ళు చీర కొంగు అడ్డం పెట్టుకుని, కొన్నాళ్ళు ఏ అడ్డమూ లేకుండా పీల్చిన నూగు అది. థానేలో డాక్టరు ఏం పని చేశావని అడిగి, ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూసి, ఇక కార్ఖానా వద్దన్నాడు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లోనే ఉండిపోయింది. మెట్లు దిగడం తగ్గింది, తర్వాత గ్యాలరీలోకి రావడం తగ్గింది. మాట ఆగి ఆగి వచ్చేది. “వరస అయినంక” అనడానికి కూడా ఊపిరి చాలక, సూది కొంచెం పైకెత్తి చూపేది. మేము ఆగేవాళ్ళం.

ఆ రోజుల్లో పని కోసం కాకుండా ఉత్తగా నమూనాలు చూసేది. మంచులో నిలబడి తమ మఫ్లర్లు చూపించే ఆడవాళ్ళను చూసి, వాళ్ళకు ఇంట్లో ఎవరెవరున్నారో, ఏం తింటారో నన్ను అడిగేది. నాకు తెలియదనేదాన్ని. కొడుకు చలికాలంలో తెల్లవారకముందే మోటర్ సైకిల్ మీద మాన్కోలి పోతాడని, వాడికి మాత్రం ఊలుతో, వీడియోలో ఉన్నది ఉన్నట్టు, రెండు చుట్ల మఫ్లర్ అల్లింది. అది ఆమె పూర్తి చేసిన ఆఖరి పెద్ద పని.

పోయిన రోజు పొద్దున మామూలుగానే చాయ్ తాగిందట. మధ్యాహ్నం గోడకు ఆనుకుని కూర్చుని కునుకు తీస్తోందని చిన్నాయిన అనుకున్నాడు. అన్నానికి పిలిస్తే పలకలేదు. ఆమె పలికింది తనకే వినపడలేదేమోనని ఇంకోసారి పిలిచాడట. తర్వాత దగ్గరికి పోయాడు.

నేను పోయేసరికి ఖాలా ఆమె తల దగ్గర కూర్చుని ఉంది. కార్ఖానా ఆడవాళ్ళు భోజనాల వేళ కాగానే వచ్చి, చూసి, కొంతమంది ఏడ్చి, మళ్ళీ పనికి పోయారు. కోడలు పిల్ల పోలేదు. ఇల్లు ఊడ్చింది, నీళ్ళు పట్టింది, వచ్చినవాళ్ళకు చాయ్ పెట్టింది, చీకటి పడ్డాక వాళ్ళ అత్త వచ్చి పిలిస్తే గానీ వెళ్ళలేదు. నేను ఆ రోజు పెద్దగా ఏడవలేదు. ఇప్పటికీ ఆమె గురించి మాట్లాడితే గొంతు మామూలుగానే ఉంటుంది. అది ఆమె దగ్గరే అలవాటైందేమో.

దినం అయిపోయాక, ఆమె సంచిలో తయారై ఉన్న మఫ్లర్లు కొన్ని కనిపించాయి. చిన్నాయిన వాటిని కార్ఖానాలో ఇచ్చి రమ్మన్నాడు. నేను పోయినప్పుడు కరెంటు లేదు. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి, ఆడవాళ్ళు గోడ వారగా కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పాతవి చినిగినవాళ్ళు తలా ఒకటి తీసుకున్నారు. చిన్నమ్మ కూర్చునే మిషన్ దగ్గర కొత్తామె ఒకామె ఉంది. ఆ వారమే ఊరి నుంచి వచ్చిందట, మా వైపు ఆమె కాదు, హిందీ మాట్లాడుతోంది. కొంగు నడుముకు దోపుకుని, ముక్కుకు ఏమీ లేకుండా కూర్చుంది. చివరగా మిగిలిన ఆకుపచ్చది ఆమె ఒళ్ళో పెట్టాను. ఎవరు అల్లారని అడిగింది. మా చిన్నమ్మ అన్నాను. మంచిగా ఉందని ఆమెకు చెప్పమంది. చెప్తానన్నాను.

కోడలు పిల్ల లేచి వచ్చి ఆమె మెడలో వేసి, చెవి కింద నొక్కి చూపించింది, ఒకసారి గుంజి ఊడదీసి, మళ్ళీ వేసింది. అంతలో కరెంటు వచ్చింది. అందరూ లేచి ఎవరి మిషన్ దగ్గరికి వాళ్ళు పోయారు. ఆ మోతలో ఇక మాట వినపడదు. నేను గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. కొత్తామె మఫ్లర్ ముక్కు మీదకు లాక్కుని వంగి దారం అందిస్తోంది. ఆ కొత్త ఆకుపచ్చ మీద మొదటి నూగు వాలుతోంది.